ట్యాప్ డ్యాన్స్‌నే వృత్తిగా పెట్టుకుంటానంటున్న అమ్మాయి: ఒక అమ్మ అడిగిన ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. మీ అమ్మాయికి 16 ఏళ్లు. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది, మూడేళ్లుగా ట్యాప్ (బూటు కింద రేకులతో నేల మీద లయ కొట్టే డ్యాన్సు) క్లాసుకు వెళ్తోంది, ఇప్పుడు ఇదే నా వృత్తి అంటోంది. "బూట్లకి రేకులు కొట్టుకుని నేల తన్నితే కూడు పెడుతుందా?" అని వాళ్ల నాన్నగారు అడుగుతున్నారు. తన ముఖం చూస్తే మీకు వద్దనబుద్ధి కావడం లేదు. కూచిపూడి మానేయాల్సి వస్తుందేమోనన్న దిగులు ఇంకోటి. ఇదే కదా మీ టెన్షన్.

నాది తెనాలి. 11 ఏళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చి 27వ ఏట మొదటిసారి ట్యాప్ బూట్లు వేసుకున్నాను. 20 ఏళ్లుగా నేర్పుతున్నాను కాబట్టి ఈ వృత్తిలో తిండి ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ దొరకదో తెలుసు.

సూటిగా చెప్పేస్తాను. బతకొచ్చు. కానీ స్టేజీ ఎక్కి ఆడడం ఒక్కదానితో బతకడం చాలా కొద్దిమందికే సాధ్యం. ఆడడం, కొరియోగ్రఫీ చేయడం, నేర్పడం, ఈ మూడూ కలిస్తేనే ఇందులో ఒక పూర్తి ఉద్యోగం. నేర్పడమంటే ఓపిక అయిపోయాక చూసుకునే పని అని మన ఇళ్లలో అనుకుంటాం. ట్యాప్‌లో అది తలకిందులు. ఈ కళ ఈరోజు ప్రాణాలతో ఉందంటే నేర్పినవాళ్ల వల్లే, వాళ్లలో ఆడవాళ్ల పాత్ర చాలా పెద్దది. ఇది మీకు అర్థం కావాలంటే బ్రెండా బుఫాలినో గారి గురించి కాస్త వివరంగా చెప్పాలి. మీ అమ్మాయికి ఆవిడ పేరు తెలిసే ఉండొచ్చు, ఆవిడ దారి మాత్రం మీరు తెలుసుకోవాలి.

ఆవిడ 1937లో మసాచుసెట్స్‌లోని స్వాంప్‌స్కాట్ అనే ఊళ్లో పుట్టారు. వాళ్లమ్మా, అమ్మ తోబుట్టువూ కలిసి ఊళ్లలో ప్రోగ్రాములిచ్చేవారు, ఈవిడా చిన్నప్పుడే వాళ్లతో చేరిపోయారు. బోస్టన్‌లో స్టాన్లీ బ్రౌన్ దగ్గర నేర్చుకుని, 1950ల నడుమ న్యూయార్క్ వచ్చి హోనీ కోల్స్ దగ్గర చేరారు. కోల్స్ 1911లో పుట్టిన నల్లజాతి డ్యాన్సర్. పాదం నేలకి దగ్గరగానే ఉంచి, వేగం ఎంత పెంచినా ఒళ్లు తొణకకుండా ఆడే మనిషి. తన జోడీ డ్యాన్సర్ చాలీ అట్కిన్స్‌తో కలిసి ఆయన చేసిన నెమ్మది నడక డ్యాన్సు చూస్తే, వేగంగా కొట్టడం కంటే నిదానంగా కొట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది. మన గురువుగార్లు విలంబ కాలంలో అడుగులు వేయించి ఏడిపించేవారు చూడండి, అదే.

ఇంత మంచి గురువు దొరికాక ఏమవ్వాలి? వెలిగిపోవాలి. కానీ ఆవిడ చేరేసరికే ట్యాప్ కూలిపోతోంది. 1943లో ఓక్లహోమా అనే మ్యూజికల్ (పాటలు, డ్యాన్సులతో కథ నడిపే నాటకం) బ్యాలేని కథలో భాగం చేసి పెద్ద హిట్టయింది, ఆ తర్వాత బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే చోటు) నిర్మాతలు చాలామంది అటే మళ్లారు. 1944లో పాట, డ్యాన్సు ఉన్న క్లబ్బుల్లో బిల్లు మీద ఫెడరల్ ప్రభుత్వం 30 శాతం పన్ను వేసింది. దాన్ని తర్వాత 20కి తగ్గించినా, క్లబ్బులవాళ్లు డ్యాన్సర్లని మానిపించి వాయిద్యం ఒక్కటే పెట్టుకోవడం మొదలుపెట్టారు. పెద్ద బ్యాండ్లు విడిపోయాయి, రాక్ అండ్ రోల్ వచ్చింది. కోల్స్ అంతటి మనిషి హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో స్టేజ్ మేనేజర్‌గా కుదురుకున్నారు. అట్కిన్స్ మోటౌన్ అనే రికార్డుల కంపెనీ గాయకులకి స్టేజీ మీద ఎలా కదలాలో నేర్పే పనిలోకి వెళ్లారు. బుఫాలినో గారు కొన్నాళ్లు క్లబ్బుల్లో పాడి, ఆడి, 1960లలో ట్యాప్ పక్కన పెట్టేశారు. పెళ్లి, పిల్లలు, న్యూయార్క్‌కి ఉత్తరాన న్యూ పాల్ట్జ్ అనే చిన్న ఊళ్లో కాపురం.

మీ వారికి భయం పుట్టించేది ఇక్కడే అని నాకు తెలుసు. గురువు చేతిలో పని లేదు, శిష్యురాలు ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు ఆ తర్వాత జరిగింది చూడండి.

1970లలో ఆవిడ న్యూ పాల్ట్జ్‌లోనే ఒక స్టూడియో తెరిచి మళ్లీ నేర్పడం మొదలుపెట్టారు. నేర్పడం మొదలుపెట్టాకే తనకి ఇంకా ఎంత నేర్చుకోవాల్సి ఉందో తెలిసొచ్చి, పాతవాళ్లని వెతుక్కుంటూ వెళ్లారు. ట్యాప్‌లో మహా పేరున్న బిల్ బోజాంగిల్స్ రాబిన్సన్ 1949లో చనిపోయినప్పుడు ఆయన జ్ఞాపకంగా న్యూయార్క్ డ్యాన్సర్లూ సంగీతకారులూ పెట్టుకున్న సంఘం ఒకటుంది, కోపసెటిక్స్ అంటారు. కోల్స్ అందులో సభ్యుడు. వాళ్లలో చాలామంది అప్పటికి ముసలివాళ్లు, ఎవరూ పిలవడం లేదు. ఈవిడ వాళ్లని తన ఊరికి పిలిచి, తన దగ్గర నేర్చుకునేవాళ్లకి పాఠాలు చెప్పించి, అదంతా కెమెరాలో పట్టి 1977లో డాక్యుమెంటరీ చేశారు. ఆ తర్వాత కోల్స్‌తో కలిసి స్టేజీ ఎక్కారు. పదేళ్లకి పైగా ఆగిపోయిన కెరీర్ తిరిగి లేచింది క్లాస్‌రూమ్‌లోంచి. కోల్స్‌కి కూడా మంచి రోజులొచ్చాయి. 1983లో 72వ ఏట బ్రాడ్‌వే షోకి టోనీ అవార్డు అందుకున్నారు.

బుఫాలినో గారు ఒక్కరే కాదు. జేన్ గోల్డ్‌బర్గ్, లాస్ ఏంజిలెస్‌లో లిన్ డాలీ, ఇలా ఆ దశాబ్దంలో కొందరు ఆడవాళ్లు పెద్దాయనల గుమ్మాలెక్కి "నేర్పండి" అని అడిగారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, చెప్పినవాళ్లు నల్లవాళ్లు. మీ అమ్మాయికి ఈ మాట దాచకుండా చెప్పండి. ఈ కళ నల్లవాళ్ల సొత్తు. 1740లో సౌత్ కరోలినా చట్టం బానిసల చేతుల్లోంచి డప్పులు లాగేసుకుంది. చేతికి డప్పు లేకపోతే లయ కాళ్లలోకి దిగింది, ఆ కాళ్లే తర్వాత ఐరిష్, ఇంగ్లిష్ అడుగుల్ని కలుపుకుని ట్యాప్ అయ్యాయి. నల్లజాతి ఆడవాళ్లకి దక్కాల్సింది దక్కలేదు. జెనీ లెగాన్ 1935లో సినిమాలో బిల్ రాబిన్సన్ పక్కన ఆడిన మనిషి. మగవాళ్లలాగా ప్యాంటు వేసుకుని గెంతులు, విన్యాసాలు చేసేవారు. పెద్ద స్టూడియో కాంట్రాక్టు ఇచ్చి రద్దు చేసింది, ఆ తర్వాత సినిమాల్లో పనిమనిషి వేషాలే ఎక్కువగా వచ్చాయి. 1969లో కెనడాలోని వాంకూవర్ చేరి అక్కడ దశాబ్దాల పాటు పిల్లలకి నేర్పారు. 2012లో, 96వ ఏట పోయారు. ఆవిడ కథ తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక బూటు సంగతి చెప్పాలి. కెరీర్ గురించి అడిగితే బూటు గోల ఏమిటనుకోకండి, అంతా ఇందులోనే ఉంది.

పాత సినిమాల్లో, అందరూ వరసగా నిలబడి ఆడే కోరస్ లైన్లలో ట్యాప్ చేసే ఆడవాళ్లకి ఎత్తు మడమ చెప్పులుంటాయి. ఎత్తు మడమ వేస్తే ఒంటి బరువంతా మునివేళ్ల మీద పడుతుంది. మడమ కింద రేకు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, అంతే. మడమ దించితే సన్నగా టిక్‌మంటుంది. మగవాళ్ల ఆక్స్‌ఫర్డ్ బూటు అలా కాదు. మడమ పొట్టి, వెడల్పు, తోలు పొరలు పేర్చిన గట్టి దిమ్మ, దాని కింద అరచంద్రంలాంటి పెద్ద రేకు. దించితే ధిమ్‌మంటుంది. మృదంగానికి ఎడమ వైపు తీసేసి కుడి వైపు ఒక్కటే వాయించమంటే ఎలా ఉంటుందో, ఎత్తు మడమతో ఆడవాళ్ల పని అలా ఉండేది. చూపించడానికి కాళ్లిచ్చారు, వినిపించడానికి సగం గొంతే ఇచ్చారు.

బుఫాలినో గారి తరం ఆడవాళ్లు ఆ పొట్టి మడమ బూటు తొడుక్కున్నారు. దాంతో వాళ్ల కాళ్లకి మంద్ర స్థాయి వచ్చింది. మంద్రం ఉంటే ఒంటరిగా నిలబడి సంగీతం కట్టొచ్చు, వెనక బ్యాండు లేకపోయినా. ఆవిడ 1983లో చేసిన సోలో ప్రదర్శన అలాంటిదే. పాట, మాట, అడుగు అన్నీ ఒక్క మనిషివే. అక్కడి నుంచి 1986లో కోల్స్, టోనీ వాగ్‌లతో కలిసి అమెరికన్ ట్యాప్ డ్యాన్స్ ఆర్కెస్ట్రా పెట్టారు. పేరులోనే ఉంది చూడండి, ఆర్కెస్ట్రా. డ్యాన్సర్లందరూ ఒకే అడుగు వేసి మెప్పించే పాత పద్ధతి కాదు. కొందరు మడమలతో కింది స్వరం పట్టుకుంటారు, కొందరు మునివేళ్లతో పై పనితనం చేస్తారు, ఇంకొందరు మధ్యలో అడ్డం పడతారు. నేల మీద శబ్దాన్ని మైకులు పట్టుకుంటాయి. చార్లెస్ మింగస్ స్వరపరిచిన జాజ్ పీసుని కూడా ఇలా కాళ్ల మీదికి తెచ్చారు. సోలోలకి పేరుపడ్డ కళలో బృందానికి కొరియోగ్రఫీ ఎలా చేయాలో చూపించిన పని అది. 1989లో న్యూయార్క్‌లో వుడ్‌పెకర్స్ అని ట్యాప్‌కే ఒక సెంటర్ తెరిచారు. 1995లో అది మూతపడింది. 2001లో ఆ సంస్థే అమెరికన్ ట్యాప్ డ్యాన్స్ ఫౌండేషన్‌గా మారింది, 2010లో గ్రీనిచ్ విలేజ్‌లో మళ్లీ సెంటర్ పెట్టింది. అక్కడ నేర్పే టీచర్లలో ఆవిడ ఆర్కెస్ట్రాలో ఆడినవాళ్లున్నారు.

ఆవిడ తర్వాతి తరం గురించి క్లుప్తంగా చెప్తాను, మీ అమ్మాయి వీడియోలు చూసుకుంటుంది. 1996లో బ్రాడ్‌వేకి వచ్చిన ట్యాప్ డ్యాన్సర్ సేవియన్ గ్లోవర్ షోలో మగవాళ్ల మధ్య ట్యాప్ చేసిన ఆడమనిషి డోర్మీషియా ఒక్కరే. ఆవిడ మైకేల్ జాక్సన్‌కి ఏళ్ల తరబడి ట్యాప్ నేర్పారు. ఎత్తు మడమ బూట్లతో పెద్ద మగ డ్యాన్సర్లెవరికీ తీసిపోకుండా కొడతారు. అది ఇప్పుడు ఆవిడ ఇష్టపడి వేసుకునే మడమ, ఎవరో వేయించింది కాదు. బ్రాంక్స్‌లో పుట్టి ప్యూర్టో రీకోలో పెరిగిన అయోడెలె కాసెల్ యూనివర్సిటీలో నటన చదువుతూ అక్కడే ట్యాప్ మొదలుపెట్టారు. 2022లో ఫన్నీ గర్ల్ అనే పాత మ్యూజికల్ బ్రాడ్‌వేకి తిరిగొచ్చినప్పుడు ట్యాప్ కొరియోగ్రఫీ ఆవిడదే. 2021లో అమెరికా పోస్టల్ శాఖ వేసిన ట్యాప్ స్టాంపుల మీద ఈ ఇద్దరూ ఉన్నారు. నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో పెరిగిన మిషెల్ డోరెన్స్ పిల్లల ట్యాప్ బృందంలో తయారై, స్టాంప్ (Stomp) అనే లయ వాయించే స్టేజీ షోలో ఏళ్లపాటు ఆడి, సొంత కంపెనీ పెట్టి, 2015లో 6,25,000 డాలర్ల మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నారు. అంకె చెప్పింది మీ వారి కోసం. అయితే అందరికీ అలా వస్తుందని చెప్పను. ఈ ముగ్గురూ పేరొచ్చాక కూడా నేర్పడం మానలేదని మాత్రం గమనించండి.

ఇప్పుడు మన ఇంటి లెక్క. నాలాంటి మామూలు ట్యాప్ టీచర్ నెల ఎలా గడుస్తుందో చెప్తాను. వారంలో నాలుగు సాయంత్రాలు రెండు స్టూడియోల్లో క్లాసులు. శనివారం పొద్దున పెద్దవాళ్ల క్లాసు. వాళ్లలో 60 దాటినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లే అందరికంటే క్రమంగా వస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా హైస్కూళ్లు మ్యూజికల్స్ వేస్తాయి, వాటికి కొరియోగ్రఫీ. జూన్‌లో మా రిసైటల్, అంటే పిల్లల వార్షిక ప్రదర్శన. ఏడాదిలో మూడు నాలుగు సొంత ప్రదర్శనలు, ఎక్కువగా జాజ్ వాయించేవాళ్లతో. హెల్త్ ఇన్సూరెన్సు మా ఆయన ఉద్యోగం మీద నడిచింది, అది ఒప్పుకుని తీరాలి. ఒంటరిగా ఉండేవాళ్లకి అదే పెద్ద ఖర్చు. మీ అమ్మాయి టీచింగ్ సర్టిఫికెట్ తీసుకుని పబ్లిక్ స్కూల్లో డ్యాన్స్ టీచర్‌గా చేరే దారి కూడా చూసుకోవాలి. న్యూజెర్సీలో ఆ దారి ఉంది, అందులో బెనిఫిట్స్ వస్తాయి.

కాలేజీ సంగతి. చాలా యూనివర్సిటీల డ్యాన్స్ డిగ్రీల్లో బ్యాలే, మోడర్న్ ముందుంటాయి, ట్యాప్ ఒక మూలన ఉంటుంది. ఓక్లహోమా సిటీ యూనివర్సిటీలాంటి చోట్ల ట్యాప్‌కి గట్టి స్థానం ఉంది. అలా కాకపోతే డిగ్రీ వేరే దాంట్లో చేస్తూ, ఎండాకాలాల్లో న్యూయార్క్, షికాగోల్లో జరిగే ట్యాప్ ఫెస్టివల్స్‌కి వెళ్లాలి. నేనైతే సంగీతం మైనర్‌గా, అంటే పక్క సబ్జెక్టుగా తీసుకోమంటాను. నొటేషన్ చదవగలిగి, పియానో మనిషితో "ఎనిమిదో బార్‌లో (మన ఆవర్తంలాంటిది) ఆపండి, నేను నాలుగు బార్లు తీసుకుంటాను" అని చెప్పగలిగిన అమ్మాయికి పని దొరుకుతుంది.

నేల విషయంలో మాత్రం మొండిగా ఉండండి. నేను మొదట్లో పని చేసిన ఒక స్టూడియోలో కాంక్రీటు మీద వినైల్ పరిచి అదే డ్యాన్స్ ఫ్లోర్ అన్నారు. కొత్తదాన్ని, అడగడానికి మొహమాటపడ్డాను. ఆరు నెలలకి మోకాలి కింద ముందు ఎముక పొద్దున లేవగానే నిప్పు పెట్టినట్టుండేది. డాక్టరు రెండు నెలలు పూర్తిగా ఆపేయమన్నారు. నేర్పేవాళ్లకి రెండు నెలలు కాలు ఆగితే రెండు నెలలు జీతం ఆగినట్టే. చెక్క నేల, కింద గాలి ఆడే ఖాళీ, ఇవి లేని చోట మీ అమ్మాయిని క్లాసు తీసుకోనివ్వకండి, చెప్పనివ్వకండి.

కూచిపూడి మాట. ఎట్టి పరిస్థితుల్లోనూ మానిపించవద్దు. తనకున్న ఆస్తి అది. అయితే రెండూ ఒకటేనని కూడా అనుకోనివ్వకండి. మనం అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చుని పాదాన్ని పైనుంచి నేల మీదికి వేస్తాం. ట్యాప్‌లో మోకాలు వదులుగా ఉండాలి, చీలమండ మరీ వదులుగా, తలుపు బందులాగా ఊగాలి. పాదం నేలని తాకి వెళ్లిపోవాలి. నేను మొదటి ఏడాదంతా కూచిపూడి తట్టడుగు వేసినట్టే పాదం బలంగా వేసేదాన్ని. "మీరు నేల మీద కోపంగా ఉన్నారా?" అని మా టీచర్ అడిగారు. ఇంకోటి, గజ్జెలు మనల్ని కాపాడతాయి. అడుగు కొంచెం జారినా గజ్జెల గలగలలో కలిసిపోతుంది. రేకు దగ్గర ఆ దయ లేదు, ప్రతి తప్పూ విడిగా వినిపిస్తుంది.

కానీ లెక్క? లెక్క మనదే. ప్యాడిల్ అండ్ రోల్ అని ఒక అడుగుంది. మడమ ముందు అంచు గుచ్చడం, మునివేళ్లతో వెనక్కి చరచడం, మునివేళ్ల మీద దిగడం, మడమ దించడం. నాలుగు శబ్దాలు. తోటివాళ్లు వారాలు తిప్పలు పడుతుంటే నేను లోపల తకధిమి అనుకున్నాను, రెండో రోజుకి వచ్చేసింది. జాజ్‌లో స్వింగ్ అంటారే, దాన్ని పుస్తకాలు పేజీలకొద్దీ వివరిస్తాయి. నేను మన పిల్లలకి తకిట చెప్పి, మధ్యలో కి మింగేసి త-ట, త-ట అనమంటాను. నోటితో అన్నాక కాళ్లు వాటంతట అవే వెళ్తాయి. మీ అమ్మాయి రేపు ఇక్కడి తెలుగు పిల్లలకి ట్యాప్ నేర్పితే, నట్టువాంగం (గురువు తాళం వేస్తూ జతులు చెప్పడం) విన్న చెవి తనకున్నందువల్ల మిగతా టీచర్లు చేయలేనిది చేయగలదు.

ఇప్పుడే చేయాల్సిన పని ఒక్కటే. తను వెళ్లే స్టూడియోలో ఆరేళ్ల పిల్లల క్లాసుకి అసిస్టెంటుగా నిలబడమనండి, ఊరికే అయినా సరే, ఒక ఏడాది. షఫుల్ (మునివేళ్లతో నేలని ముందుకీ వెనక్కీ తాకే అడుగు) రాని పిల్ల కాలు ఎక్కడ బిగుసుకుందో వంగి చూసి సరిచేయడం తనకి ఇష్టమైతే ఈ వృత్తి తనది. విసుగొస్తే స్టేజీ మోజు మాత్రమే ఉందని అర్థం, అప్పుడు తీరిగ్గా వేరే ఆలోచన చేసుకోవచ్చు. ఏడాది తర్వాత తనకే తెలుస్తుంది, మీరు చెప్పక్కర్లేదు.

ఇంట్లో సాధనకి నాలుగడుగుల చదరం ప్లైవుడ్ చెక్క ఒకటి కొని, కింద పాత యోగా మ్యాట్ పరవండి. ఈ ఆదివారం పాటేమీ పెట్టకుండా దాని మీద నిదానంగా ప్యాడిల్ అండ్ రోల్ వేయమనండి. మీరూ మీ వారూ వెనక్కి తిరిగి కూర్చుని కళ్లు మూసుకుని వినండి. నాలుగు శబ్దాలూ ఒకే ఎడంగా పడుతున్నాయా, మూడోది నీరసంగా ఉందా? సాధారణంగా నీరసపడేది మూడోదే, మునివేళ్ల మీద దిగేది. ఎడమ కాలికి మరీ. అది వినిపిస్తే తనకి చెప్పండి.